కంచు మోగిందా, మ్రోగిందా?

తీగెల పిచ్చి: హెడ్‌ఫోన్లలో వింటూ గిటారు సాధన చేసుకునే చిన్న ఆంప్‌ల (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టెల) గురించి వ్యాసం రాస్తున్నాను. తీగ ముట్టకముందే చెవిలో మొదలయ్యే చప్పుడు దగ్గర వేమన పాదం పెట్టాలనుకున్నాను: "కంచు మోగునట్లు కనకంబు మోగునా". రాశాక ఏదో వెలితి. మనం వల్లించింది "మ్రోగునట్లు" అని కదా? ఇంకొకటి, ఆ చప్పుడును రొద అనాలా, హోరు అనాలా?

పాత ప్రతి: మ్రోగు అనే రాయండి. మ్రాను మానయింది, ప్రొద్దు పొద్దయింది, అలాగే ఇదీ. రకారం జారిన రూపాన్ని వేమనకు అంటగట్టకండి.

గణవిభజన: వేమన పద్యాలు జనం నోట నిలిచినవి. ఆ నోట రకారం ఎప్పుడు జారిందో ఎవరు చెప్పగలరు? ఛందస్సు కూడా సాక్ష్యం పలకదు. కంచు, మ్రోగు, నట్లు మూడూ గురువు, లఘువు కలిసిన గలాలే. ఆపైన సలము, రగణం అనే గణాలు. మ్రో వేసినా ముందున్న 'చు' వేరే పదంలోది కనుక లఘువుగానే ఉంటుంది. ఈ పద్యం నడిచే ఆటవెలదికి రెండూ సమ్మతమే.

పాత ప్రతి: గణాలు సరే, అర్థం చూడండి. తమిళంలో ఉరుముకూ భేరికీ వాడే 'ముళంగు' మన మ్రోగుకు తోబుట్టువు. అంటే మొదటినుంచీ అది గంభీరమైన ధ్వని. కరెంటు తీగల నుంచి గిటారు పికప్ (తీగల కదలికను పట్టే అయస్కాంతపు చుట్ట) పట్టుకునే 50 లేదా 60 హెర్ట్జ్ చప్పుడు సరిగ్గా అలాంటిదే. 'ఆంప్ మ్రోగుతోంది' అనండి. 'మోగుతోంది' అంటే నాకు చిరుగంట వినిపిస్తుంది.

నిశ్శబ్దం: రెండు వేరువేరు చప్పుళ్ళను ఒకే మాటతో కట్టేస్తున్నారు. గిటారు మీద వాల్యూమ్ సున్నాకు తిప్పి చూడండి. ఆగిపోతే అది గిటారు వైపు నుంచి వచ్చింది. దానికి రొద అన్న మాట చక్కగా సరిపోతుంది. ఆగకుండా, గెయిన్ (ఆంప్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే మీట) పెంచినకొద్దీ 'స్స్' అంటూ పెరిగితే ఆంప్ లోపలిది, అది హోరు. రొదకు విరుగుడు హమ్‌బకర్ అనే జంట చుట్ల పికప్. ఎదురెదురుగా చుట్టిన రెండు చుట్లలో వచ్చిన రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గిబ్సన్ గిటార్ల ఇంజనీరు సేథ్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసింది దీనికే. హోరు మీద మాత్రం అది పనిచేయదు. గెయిన్ తగ్గించాలి, లేదా అంత సున్నితం కాని హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి. ఛార్జింగు పెట్టి వాయిస్తే వచ్చే సన్నని కూత మూడోది. ఛార్జింగు తీగ పీకేసి బ్యాటరీ మీద వాయిస్తే చాలా సార్లు పోతుంది.

బమ్మెర వీధి: 'స్స్'కు బుస అన్న అచ్చతెలుగు మాట ఉండగా హోరు ఎందుకు?

నిశ్శబ్దం: పాము ఊపిరికి ఆగుతుంది. ఇది ఆగదు. హోరుకు సముద్రమంత ఓపిక.

బమ్మెర వీధి: బాగా చెప్పారు. కానీ రొద, హోరు అంటూ వేమన చుట్టూనే తిరుగుతున్నాం. "మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు" గుర్తు చేసుకోండి. తేనె దొరికిన తుమ్మెదకు పోతన ఒక్క ఝంకారం కూడా ఇవ్వలేదు. 'తేలు' అన్నాడు, అంతే. ఆంప్ కూడా అలా ఉండాలి.

తీగెల పిచ్చి: నాయిస్ గేటు (శబ్దం సన్నగిల్లగానే దారి మూసేసే పరికరం) పెడితే వాయించనప్పుడు అలాగే ఉంటుంది.

నిశ్శబ్దం: గేటు విరామాల్లోనే మూసుకుంటుంది. స్వరం పలుకుతున్నంతసేపూ దాని కిందే రొద ఉంటుంది. గేటు మరీ బిగిస్తే చివరి స్వరం తోకను కోసేస్తుంది. ఆ తోక కోసమే కదా మనం గంటలు గంటలు సాధన చేసేది!

గణవిభజన: పోతన తుమ్మెదకు ఝంకారం ఉంటే యతి ఎక్కడ పడేదో నేను చెబుతాను, కానీ వేరే చర్చలో. ఇక్కడ ఒక్క మాట. ఎలక్ట్రిక్ గిటారుకు నికెల్ పూసిన ఉక్కు తీగలు వేస్తారు. అయస్కాంతపు పికప్‌కు కావలసింది ఇనుము; తీగ మీది కంచు చుట్టు దానికి దాదాపు వినబడదు. ఈ వ్యాసానికి ఈ పాదమే కావాలా?

పాత ప్రతి: కావాలి. అక్కడ కంచు అల్పుడి మాటకు ఉపమానం, తీగకు కాదు. పనిలేకుండా మ్రోగే ఆంప్‌కు అంతకన్నా దగ్గరి పోలిక లేదు. మ్రో, దయచేసి.

తీగెల పిచ్చి: ప్రస్తుతానికి 'మ్రోగునట్లు' అనే ఉంచాను. రెండో పాదం "సజ్జనుండు పలుకు" అనా, "సజ్జనుండు పల్కు" అనా?