అమ్మేసిన బండికి తొమ్మిది చలాన్లు: కట్టేయాలా, కోర్టుకు వెళ్లాలా?

ఉప్పల్ మాస్టారు:
2021లో నా పాత బండిని సెకండ్ హ్యాండ్ బండ్ల దుకాణంలో అమ్మేశాను. దుకాణదారు బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29, పేరు మార్చమని కోరే ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని, “పేరు మార్పు మేం చూసుకుంటాం సార్” అన్నాడు. నమ్మాను. మొన్న నంబరు కొట్టి చూస్తే తొమ్మిది చలాన్లు ఉన్నాయి. హెల్మెట్ లేనందుకు ఏడు, ఒక్కొక్కటి 235 రూపాయలు. ముగ్గురు ఎక్కినందుకు రెండు, ఒక్కొక్కటి 1,235. అన్నీ కలిపి 4,115. ఫొటోలు తెరిచి చూశాను. వెనుక మడ్‌గార్డు మీద మా అమ్మాయి అంటించిన సీతాకోకచిలుక బొమ్మ, ఒక రెక్క ఊడిపోయి, ఇంకా అలాగే ఉంది. నడుపుతున్న మనిషి ఎవరో నాకు తెలియదు. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోమని ఫోనుకు సందేశం వచ్చింది. చేయని తప్పుకు డబ్బు కట్టాలా? పెద్దలు చెప్పండి.

పాత రికార్డులు:
నేను కోర్టులో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాను. కట్టేయండి. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో యజమాని వారే. బండి చేతులు మారినా రికార్డులో పేరున్నవారిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంతకీ, ఫారం 29 మీద తేదీ వేశారా?

గోదారి గట్టు:
మా అన్నయ్యకూ ఇదే జరిగింది. కట్టి ఊరుకున్నాడు.

ఉప్పల్ మాస్టారు:
గుమస్తా గారూ, ఆ తీర్పు ప్రమాదంలో నష్టపరిహారం గురించి. హెల్మెట్ సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోవలసింది బండి మీద ఉన్న మనిషే అంటోంది. నడిపింది ఎవరని పోలీసులు అడిగితే యజమాని చెప్పాలని 133వ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ ఉందంటేనే యజమాని వేరు, నడిపేవాడు వేరు అని చట్టం ఒప్పుకున్నట్టే కదా?

పాత రికార్డులు:
133 కింద అడిగితే ఏమని చెబుతారు? కొన్నవాడి పేరు, చిరునామా మీ దగ్గర ఉన్నాయా? “ఎవరో తెలియదు” అంటే జవాబు చెప్పినట్టు కాదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాల్సిన బాధ్యత 50వ సెక్షన్ కింద అమ్మినవారిది. మళ్లీ అడుగుతున్నాను. ఫారం 29 మీద తేదీ వేశారా, లేదా?

నిజాయితీగా కట్టినవాడు:
నా గోడు వినండి. 2023 నవంబరులో నా చలాన్లన్నీ పూర్తిగా కట్టేశాను. డిసెంబరు 26 నుంచి ద్విచక్ర వాహనాలకు 80 శాతం రాయితీ అన్నారు! అంతకుముందు 2022 మార్చిలోనూ 75 శాతం తగ్గించారు. వేళకు కట్టినవాడు తెలివితక్కువవాడా? మాస్టారూ, ఆగండి, మళ్లీ ఇస్తారు.

ఉప్పల్ మాస్టారు:
అయ్యా, నేను అడిగింది రాయితీ గురించి కాదు.

నిజాయితీగా కట్టినవాడు:
మరి దేని గురించి? డబ్బు గురించే కదా. నాకు పోయింది మూడు వేల పైచిలుకు. దానికి ఎవరు జవాబు చెబుతారు?

క్యాబ్ శీను:
మాస్టారు గారూ, కోర్టు అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. నాకు వచ్చిన ఒక చలానులో నంబరు తప్పు. ఫొటోలో 3 ఉంటే వాళ్లు 8 అని చదివారు. బండి రంగు కూడా వేరే. ఫొటో ప్రింటు తీసుకుని వెళ్లాను. మొదటి రోజు కేసు కాగితాల కట్ట రాలేదన్నారు. రెండో రోజు మేజిస్ట్రేట్ సెలవు. రెండు రోజుల కిరాయి పోయింది, బండి అద్దె మాత్రం ఆగలేదు. మూడోసారి వెళ్లలేదు, కట్టేశాను. నా తప్పు లేదని నాకు తెలుసు, అంతే.

పాత రికార్డులు:
చూశారా మాస్టారూ. ముప్పై ఏళ్లు నేను చూసింది ఇదే. న్యాయం తమ వైపు ఉందని వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని సాయంత్రానికి ఇంటికి వెళ్లేవారు. కాగితం ఉన్నవాడి పని పది నిమిషాల్లో అయ్యేది. 4,115 కోసం ఇంత పట్టుదల ఎందుకు?

ఉప్పల్ మాస్టారు:
నాలుగు వేలు కట్టలేక అడుగుతున్నానని అనుకుంటున్నారా? రాజీ అంటే ఏమిటో మీకే బాగా తెలుసు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడిచ్చే తీర్పు మీద అప్పీలు లేదు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఆ కాగితం మీద నేను సంతకం పెడితే, ఫొటోలో ఉన్నట్టు ఒక పసివాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురితో బండి నడిపింది నేనేనని ఒప్పుకున్నట్టు. రోజూ తరగతిలో పిల్లలకు “చెయ్యనిది చేశానని ఒప్పుకోవద్దు” అని చెబుతాను. సులువుగా పోతుందని అబద్ధం మీద సంతకం పెట్టమంటున్నారు మీరు. కోర్టులో పనిచేసినవారు ఈ మాట అనవచ్చా?

పాత రికార్డులు:
కోపం తెచ్చుకోకండి, కానీ ఈ మాట అనక తప్పదు. 2021లో ఆ ఫారాల మీద పెట్టిన సంతకం ఎందుకు పెట్టారు? సులువుగా పోతుందనే. కొన్నవాడి గడి ఖాళీగా ఉన్న కాగితం మీద “ఫలానా వ్యక్తికి అమ్మాను” అని సంతకం చేశారు. ఆ ఫలానా వ్యక్తి అప్పటికి లేడు. అది మాత్రం నిజమా? అందుకే తేదీ అడుగుతున్నాను, మిమ్మల్ని తక్కువ చేయడానికి కాదు. తేదీ, కొన్నవాడి పేరు ఉంటే కోర్టుకు వెళ్లి మాట్లాడమని మీకు నేనే చెబుతాను. లేకపోతే మేజిస్ట్రేట్ దేన్ని చూసి మిమ్మల్ని నమ్మాలి?

క్యాబ్ శీను:
మీ ఇద్దరికీ ఒక మాట. మాస్టారికి సంతకం పరువు. గుమస్తా గారికి కాగితం. నాకు రెండూ ముఖ్యమే, కానీ వాటి కోసం రోజు వదులుకునే వీలు నాకు లేదు. ఆ ఫొటోలో పిల్లవాణ్ణి ఎక్కించుకుని పోతున్నవాడికి కూడా ఉండి ఉండదు. తప్పు నిరూపించాల్సింది వాళ్లు. లేదని నిరూపించడానికి మేం ఎందుకు తిరగాలి? ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పడం లేదు.

గోదారి గట్టు:
శీను గారు చెప్పింది నిజం.

నిజాయితీగా కట్టినవాడు:
నా మూడు వేల సంగతీ ఎవరూ చెప్పలేదు.

ఉప్పల్ మాస్టారు:
మూడు రోజులు ఏమీ రాయలేదు. గుమస్తా గారి మాట గుచ్చుకుంది. శనివారం ఆ దుకాణానికి వెళ్లాను. అదే మనిషి, గుర్తుపట్టాడు. బల్ల సొరుగు లాగితే రబ్బరు బ్యాండు వేసిన ఫారాల కట్ట, పై కాగితాల అంచులు పసుపెక్కాయి. వాటిలో నావి ఉన్నాయి. నా సంతకం ఉంది. కొన్నవారి పేరు గడి ఖాళీ. తేదీ గడి ఖాళీ. బండి ఇంకొక దుకాణానికి వెళ్లిందట, అక్కడి నుంచి ఎవరికో. నావి కాని ఫారాలు ఇరవైకి తక్కువ ఉండవు. వాళ్లకీ నాలాగే చెప్పి ఉంటాడు.

శీను గారూ, మీ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. నాకు సెలవు దొరుకుతుంది కాబట్టి నేను వెళ్తాను. రాజీకి కాదు.

పాత రికార్డులు:
ఫారాలు అక్కడే వదిలి వచ్చారా?

ఉప్పల్ మాస్టారు:
లేదు, తెచ్చుకున్నాను. ఆ రెండో దుకాణం పేరు అతని చేతే రాయించి సంతకం, తేదీ తీసుకున్నాను.

పాత రికార్డులు:
మంచిది. సోమవారం రవాణా కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. అర్జీ ఎలా రాయాలో ఈ రాత్రి పంపుతాను.