మాక్యులా కింద రక్తం చేరిన పెద్దవాళ్ళు: ఆపరేషన్‌కు ఎవరిని పంపాలి?

కందుకూరు_ఓపీ:
అరవై ఐదు దాటినవాళ్ళు ఉన్నట్టుండి ఒక కన్ను నడిమధ్యలో నల్లగా కమ్మేసిందని వస్తుంటారు. చూస్తే వెట్ ఏఎమ్‌డీ (వయసు మీదపడి రెటీనా కింద కొత్త రక్తనాళాలు మొలిచి కారే జబ్బు), మాక్యులా (రెటీనా నడిమి భాగం) కింద రక్తం. చెన్నైకి పంపితే ఒకరికి విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీ, అంటే విట్రియస్ తీసే ఆపరేషన్) చేస్తారు, ఇంకొకరికి ఇంజెక్షన్లే చాలని తిప్పి పంపుతారు. ఛార్జీలు పెట్టుకుని పోయేది పేదవాళ్ళు. ఇక్కడే వడకట్టాలంటే ఏం చూడాలి? పెద్ద మరక ఉన్న ప్రతి ఒక్కరినీ పంపేయడమే మేలని నా వాదన.

ఒంగోలు_మెడికల్‌రెటీనా:
ప్రతి ఒక్కరినీ వద్దు సార్. 2004లో వెలువడిన సబ్‌మాక్యులర్ సర్జరీ ట్రయల్స్ గుర్తు తెచ్చుకోండి. రక్తం ఎక్కువున్న కళ్ళకు గడ్డనూ, కొత్త రక్తనాళాల పొరనూ తీసేసినా చూపు మెరుగుపడలేదు. రెటీనా ఊడింది మాత్రం ఆపరేషన్ అయినవాళ్ళలో 16 శాతం మందికి, కానివాళ్ళలో 2 శాతానికి. 2006 నుంచి ఆ కొత్త నాళాలను అణిచే ఇంజెక్షన్ రానిబిజుమాబ్ ఉంది, అంతకంటే చవగ్గా బెవాసిజుమాబ్ ఉంది. రక్తం పలచగా ఉంటే నెలనెలా ఇంజెక్షన్‌తోనే సర్దుకుంటుంది.

నెల్లూరు_విట్రియో:
ఆ ట్రయల్‌ను ఇప్పటి ఆపరేషన్‌కు అంటగడితే ఎట్టా అన్నా? అప్పుడు పెకలించి తీశారు. ఇప్పుడు తీయం, పక్కకు జరుపుతాం. విట్రియస్ తీసి, 41 గేజ్ సన్న గొట్టంతో రెటీనా కిందికి టీపీఏ (రక్తపు గడ్డను కరిగించే మందు) వదిలి, గ్యాస్ నింపి బోర్లా పడుకోబెడితే రక్తం మాక్యులా నుంచి జారుతుంది. దీనికి పనికొచ్చేది ఎవరంటే:

ముందు రోజులు లెక్కపెట్టాలి. వారంలోపు అయితే మంచిది, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గుతుంది. గడ్డలోని ఫైబ్రిన్ పోగులు ఫోటోరిసెప్టర్ల (వెలుతురును పట్టే కణాల) కొసలను పట్టి లాగుతాయి, రక్తంలోని ఇనుము విషమవుతుంది. కుందేళ్ళలో ఒక్క రోజుకే దెబ్బ కనిపించింది. "ఎప్పట్నుంచి?" అంటే "చాన్నాళ్ళుగా" అనే చెప్తారు. టీవీలో మనిషి ముఖం ఏ రోజు నుంచి ఆనలేదో అడగండి, తేదీ తేలుతుంది.

తర్వాత ఓసీటీ (రెటీనా పొరలను చూపే స్కాన్). రక్తం రెటీనాకూ దాని అడుగునున్న పిగ్మెంట్ పొరకూ మధ్య ఉంటేనే జరుగుతుంది, పొర కింద ఉంటే కదలదు. ఫోవియా (మాక్యులా నట్టనడిమి చోటు) బాగా పైకి లేచి ఉండాలి. పాత స్కాన్‌లో మచ్చ కట్టి ఉంటే గడ్డ జరిపినా లాభం లేదు. మనవాళ్ళలో పెద్ద రక్తస్రావాలకు పాలిపాయిడల్ రకం (రక్తనాళాలు బుడిపెల్లా ఉబ్బేది) తరచుగా కారణం కాబట్టి వీలైతే ఐసీజీ యాంజియోగ్రఫీ (రంగు మందు ఎక్కించి ఆ నాళాలను ఫోటో తీయడం) చేయించాలి.

ఒంగోలు_మెడికల్‌రెటీనా:
జరపడానికి విట్రెక్టమీయే కావాలా? కంట్లోకే టీపీఏ, గ్యాస్ ఇచ్చినా జరుగుతుంది. ఫ్రాన్సులో రెండు పద్ధతులనూ పోల్చిన ట్రయల్ 2023లో వచ్చింది, మూడు నెలలకు చూపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. మరక ఆర్కేడ్లు (మాక్యులా చుట్టూ వంపు తిరిగే పెద్ద రక్తనాళాలు) దాటినా, విట్రియస్‌లోకి రక్తం చిమ్మినా అప్పుడు మీ దగ్గరికే.

అయితే డోసు దగ్గర జాగ్రత్త. 50 మి.గ్రా. టీపీఏ సీసాలో 50 మి.లీ. కలిపితే మిల్లీలీటరుకు 1 మి.గ్రా. అందులో 1 మి.లీ. తీసుకుని 3 మి.లీ. సెలైన్ కలిపితేనే 0.1 మి.లీ.లో 25 మైక్రోగ్రాములు వస్తాయి. ఈ రెండో పలచన మరిచారా, 100 పోతాయి. 50 దాటితేనే రెటీనాకు విషం. గ్యాస్ అయితే స్వచ్ఛమైన ఎస్ఎఫ్6, 0.3 మి.లీ. అది లోపల రెండింతలు అవుతుంది. ముందే పారాసెంటెసిస్ చేసి (సూదితో కంట్లోంచి కాస్త నీరు తీసి) చోటు చేయాలి, చేశాక చెయ్యి ఊపి కనిపిస్తోందో లేదో అడగాలి. కనిపించకపోతే నాడికి రక్తం ఆగినట్టు, వెంటనే ఇంకాస్త నీరు తీసెయ్యాలి. గ్లాకోమా ముదిరినవాళ్ళకు ఈ పద్ధతి వద్దు.

కావలి_ఆప్టోమెట్రీ:
మెడ, నడుము పట్టేసినవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు రోజుల తరబడి బోర్లా పడుకోలేరు. పంపేముందే పావుగంట పడుకోబెట్టి చూడండి. ఇంకొకటి, గ్యాస్ ఉన్నన్నాళ్ళూ తిరుమల కొండ ఎక్కొద్దని గట్టిగా చెప్పండి. "కన్ను బాగైతే గుండు కొట్టించుకుంటా" అని మొక్కుకుని నాలుగో రోజే బయల్దేరతారు. ఎత్తుకు పోయేకొద్దీ గ్యాస్ ఉబ్బి కంటి ప్రెషర్ పెరుగుతుంది. విమానమూ అంతే. వేరే ఆపరేషన్‌కు మత్తిస్తే నైట్రస్ ఆక్సైడ్ వాడొద్దని చీటీ మీద రాసివ్వాలి.

కందుకూరు_ఓపీ:
రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళ సంగతి? రెండు కళ్ళలోనూ మచ్చ కట్టేసినవాళ్ళ సంగతి?

నెల్లూరు_విట్రియో:
వార్ఫరిన్ మనంతట మనం ఆపకూడదు. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) చూసి గుండె డాక్టరుతో మాట్లాడాకే. రెండు కళ్ళలో మచ్చ ఉంటే జరపడానికి ఏమీ లేదు. ఒక కంట్లో అమర్చే చిన్న టెలిస్కోప్ ఉంది, 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యుండకూడదు, ముందుగది లోతు, కార్నియా కణాలు సరిపోవాలి. బయట టెలిస్కోప్ పెట్టి చూపిస్తే కనీసం ఐదక్షరాలు ఎక్కువ చదవగలగాలి. ఆ కంటికి పక్కచూపు తగ్గుతుంది, ఇంట్లో నడవడానికి రెండో కన్నే ఆధారం.

కందుకూరు_ఓపీ:
సరే. చివరిగా ఒకటి. ఆ కన్ను ఒక్కటే దిక్కు, వచ్చింది పద్దెనిమిదో రోజు. పంపాలా?

నెల్లూరు_విట్రియో:
పంపండి. ఇంకో కన్ను లేనప్పుడు కొద్దిపాటి చూపు దక్కినా దక్కినట్టే.

ఒంగోలు_మెడికల్‌రెటీనా:
పద్దెనిమిదో రోజు అయితే నేను ఇంజెక్షన్ ఇచ్చి ఆగుతా. రెటీనా ఊడితే ఉన్న పక్కచూపు కూడా పోతుంది, అప్పుడు మంచం నుంచి బాత్రూమ్‌కు కూడా ఒకరు చెయ్యి పట్టాలి.