అప్‌డేట్: నీలం రంగుకు తిరిగిన ఉలి సంగతి

పర్లాకిమిడి నుంచి గత నెల ఒక ప్రశ్న అడిగాను. లేత్ (కర్రను గిరగిరా తిప్పే యంత్రం) మీద కర్ర గిన్నె లోపలి భాగం తొలిచే వంపు ఉలి కొని రెండు నెలలు కాలేదు, పదును పది నిమిషాలైనా నిలవడం లేదు, తయారుచేసిన ఆయనను అడగవచ్చా అని. మీరంతా అడగమన్నారు, అడిగాను.

ఆయనది ఒక్కరే నడుపుకునే చిన్న కొలిమి. ఫొటో పంపిన గంటకే ఫోను చేశారు. "అంచున గోరంత మేర నీలంగా ఉంది చూడండి. సాన పట్టేటప్పుడు వేడెక్కిపోయింది" అన్నారు. అది కార్బన్ ఉక్కు. సుమారు 300 డిగ్రీల వేడికి నీలం రంగు తేలుతుంది, గట్టిదనం పోతుంది. సాన పట్టింది నేనే, అంటే తప్పు పూర్తిగా నాదే. అయినా ఒక్క మాట అనలేదు, డబ్బు ఇస్తానంటే ఒప్పుకోలేదు. ఉలి పంపించమన్నారు, అంతే.

నిన్న పార్సిల్ వచ్చింది. నీలం భాగం తీసేసి, 40 డిగ్రీల వాలుతో కొత్త అంచు తీర్చారు. పిడికి నూనె కూడా రాశారు! పక్కనే హైస్పీడ్ ఉక్కుతో చేసిన మరో చిన్న ఉలి, దానికి చుట్టిన చీటీ: "ఇది ఎక్కువ వేడి తట్టుకుంటుంది. సాన పట్టడం దీని మీద నేర్చుకోండి. పాతదాన్ని మాత్రం మాటిమాటికీ నీళ్లలో ముంచండి."

సాయంత్రం పచ్చి అంకుడు కర్ర బిగించాను, ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్రే. పొట్టు తెగకుండా రిబ్బనులా చుట్టలు తిరుగుతూ వచ్చింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ గిన్నె ఆరగానే ఆయనకే పంపుతున్నాను.