ఈనె తడి ఉందని పొగాకు బేలు ‘నోబిడ్’ చేస్తున్నారు: సిగరెట్ మెషీన్‌లో దాంతో వచ్చే ఇబ్బందేంటి?

కందుకూరు బ్యారన్:
తేలిక నేలల ఆకు, రంగు బాగానే వచ్చింది. అయినా వేలంలో కొనేవాళ్లు ముందు ఈనె విరిచి చూస్తున్నారు. మొదలు దగ్గర కాస్త వంగినా బేలు నోబిడ్, అంటే పాట పాడకుండా వదిలేయడమే. ఫ్యాక్టరీలో ఈనె ఎలాగూ తీసేస్తారు కదా, దాని తడితో వాళ్లకు పనేంటి? ఆకు సిగరెట్‌గా మారేదాకా ఏమేం జరుగుతుందో, మన దగ్గరి లోపం అక్కడ ఎక్కడ బయటపడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. బేళ్లలో పురికొస, ప్లాస్టిక్ ఉండకూడదని అంత పట్టు ఎందుకో కూడా.

మేకర్ ఫిట్టర్:
అన్నా, ఈనె తీస్తారు గానీ పారేయరు. ఆకు బరువులో నాలుగో వంతు దాకా అదే ఉంటుంది. థ్రెషింగ్ ప్లాంటులో ఆకుకు ఆవిరి పట్టి మెత్తబరిచి, పళ్ల రోలర్లతో చీల్చి, గాలిలో ఎగరేస్తారు. తేలికైన ఆకు ముక్క పైకి పోతుంది, బరువైన ఈనె కిందపడుతుంది. రెండింటినీ విడివిడిగా ఆరబెట్టి, 12 శాతం తేమ దగ్గర డబ్బాల్లో నొక్కుతారు. తర్వాత సిగరెట్ ఫ్యాక్టరీలో ఈనెను నానబెట్టి, రోలర్ల మధ్య చదును చేసి, సన్నగా తరిగి, ఆవిరితో ఉబ్బించి మళ్లీ ఆకులోనే కలుపుతారు.

తడి ఈనె ఉన్న బేలు ఈ ప్లాంటుకు చేరకముందే చెడుతుంది. నొక్కిన బేలులో ఆ నీరు పక్క ఆకులోకి పాకుతుంది, బేలు లోపల వేడెక్కుతుంది, ఆకు నల్లబడి బూజు పడుతుంది. ఆ వాసన తర్వాత ఏం చేసినా పోదు.

ఇక రాడ్, అంటే కాగితం చుట్టిన పొగాకు కడ్డీ సంగతి. ఆకును సుమారు 20 శాతం తేమ మీద మిల్లీమీటరు కన్నా సన్నగా తరిగి, తిరిగే డ్రమ్ములో 13 శాతానికి ఆరబెడతారు. మేకర్‌లో (సిగరెట్ చుట్టే మెషీన్) ఆ తరుగును పళ్ల రోలర్లు దువ్వి విడదీస్తాయి. గాలి దాన్ని నిలువు గొట్టంలో పైకి లేపి, రంధ్రాలున్న బెల్టు కిందివైపు పీల్చి పట్టిస్తుంది. బెల్టుకు తలకిందులుగా అంటుకుని పొగాకు తివాచీలా నడుస్తుంది. దాని అడుగును రెండు గుండ్రటి బ్లేడ్లు ఒకే మందానికి కోస్తాయి. బ్లేడ్లకున్న గుంటల వల్ల, ముందు ముందు సిగరెట్ కొస అయ్యే చోట కాస్త ఎక్కువ పొగాకు మిగులుతుంది. లేకపోతే కొసల నుంచి పొగాకు రాలుతుంది.

తర్వాత ఆ తివాచీ సుమారు 27 మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితం మీద పడుతుంది. కాగితాన్ని మోసుకెళ్లే గార్నిచర్ టేపు దాన్ని పొగాకు చుట్టూ మడుస్తుంది, అంచుకు జిగురు, దాని మీద వేడి పట్టీ, ఆపైన కత్తి. నిమిషానికి 8 వేల సిగరెట్లు చేసే మెషీన్‌లో, ఒక్కో రాడ్ 60 మిల్లీమీటర్లయితే, కాగితం సెకనుకు 8 మీటర్లు పరుగెడుతుంది. ఆ వేగంలో అగ్గిపుల్ల ములుకంత ఈనె ముక్క వచ్చినా కాగితాన్ని లోపలి నుంచి గుచ్చుతుంది. చిల్లు పడిన సిగరెట్ గాలి పీలుస్తుంది, లీకు పరీక్షలో పక్కకు పోతుంది. ముక్క పెద్దదైతే కాగితమే తెగి లైను ఆగుతుంది.

తేమ 11 శాతం కన్నా దిగితే తరుగు పొడైపోతుంది. 15 దాటితే ముద్దలు కడుతుంది, కాగితం మీద గోధుమ మచ్చలు వస్తాయి.

పొదిలి క్యూరింగ్:
బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర చెయ్యాల్సింది ఇదీ. వెంటిలేటర్లు మూసి 95–100 డిగ్రీల ఫారన్‌హీట్‌లో ఆకు పండనివ్వండి. తర్వాత గాలి వదులుతూ గంటకు 2 డిగ్రీల చొప్పున 120కి, ఈనె కాక మిగతా ఆకు ఆరడానికి 140 దాకా తీసుకెళ్లండి. ఈనె కోసం వెంటిలేటర్లు కొద్దికొద్దిగా మూస్తూ 160. అక్కడ ఆగాలి. 170కి పోతే ఆకు ఎర్రబడుతుంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది చివరి రాత్రి. కట్టెలు మిగిల్చుకోవాలని మంట తగ్గిస్తారు. 160 నుంచి వేడి జారిందా, ఈనెలో మిగిలిన నీరు వెనక్కి ఆకులోకి దిగి, ఈనె వెంబడి రెండు పక్కలా గోధుమ చార పడుతుంది. ఆ చార మళ్లీ పోదు. ఆకు కట్టిన కర్రల్లో కింది వరుస చూసి మంట ఆర్పొద్దు. వేడి కింది నుంచి వస్తుంది కాబట్టి అవి ముందే ఎండుతాయి. పై వరుసల్లోంచి, మూలల్లోంచి లావు ఆకులు తీసి, ఈనె మొదలు దగ్గరే విరవండి. పుటుక్కుమనాలి.

కందుకూరు బ్యారన్:
వివరంగా చెప్పారు, సంతోషం. ఒక్క అనుమానం. బ్యారన్‌లో పుటుక్కుమన్న ఈనే గాలి తేమకు మెత్తబడ్డాక వంగుతోంది. కొనేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది?

పొదిలి క్యూరింగ్:
పదును పట్టిన (అలా తేమకు మెత్తబడిన) ఆకులో మెత్తదనం కొస నుంచి మొదలు దాకా ఒకేలా ఉంటుంది. పచ్చి ఈనెలో ఆకు పొడిగా గరగరలాడుతున్నా మొదలు మాత్రం లావుగా, నల్లగా ఉంటుంది, గోరుతో నొక్కితే దిగుతుంది. గోరు దిగిన ఆకుల్ని గ్రేడింగులో వేరుచేసి మళ్లీ ఆరబెట్టాలి. మండెలో (ఆకు పేర్చిన కుప్ప) కలిపితే పక్కవాటినీ చెడగొడతాయి.

మేకర్ ఫిట్టర్:
ప్లాస్టిక్ సంగతి మర్చిపోయాను. థ్రెషింగ్‌లో అది ఆకు ముక్కంత తేలిగ్గా ఎగురుతుంది, గాలి దాన్ని వేరుచేయలేదు. తరుగులో కలిసిందంటే చివరికి కాలేది సిగరెట్‌లోనే. యూరియా సంచి నుంచి లాగిన దారం, కోడి ఈక, గుట్కా కవర్ ముక్క, అన్నీ అంతే. కర్రకు అల్లడానికి నూలు దారం వాడి, గ్రేడింగ్ చేసే చోట ప్లాస్టిక్ పట్టా కాకుండా గుడ్డ పట్టా పరవండి.