రాత్రి ముహూర్తాలకి ఫుల్ ఫ్రేమ్: డి750నా, 5డి మార్క్ 4నా?

తణుకు స్టూడియో:
అందరికీ నమస్కారం అండి. మాది తణుకులో చిన్న స్టూడియో. నాన్నగారు ఫిల్మ్ రోజుల నుంచి పెళ్లిళ్లు తీసేవారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నైకాన్ డి7200, 18-140 కిట్ లెన్స్, 50 ఎంఎం 1.8డి వాడుతున్నాను. నాన్నగారి 80-200 2.8డి కూడా ఉంది, గ్లాసులో ఫంగస్ ఏమీ లేదు. ఇబ్బందల్లా రాత్రి ముహూర్తాలతోనే. ఐఎస్ఓ (సెన్సార్ వెలుగు పట్టే సెట్టింగు) 3200 దాటిందంటే నాయిస్. కరిజ్మా ఆల్బమ్‌లో షీటు నిండా ఒకే ఫోటో వేస్తే పెళ్లికూతురి మొహం గరుకుగా కనిపిస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో మూడు ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) బాడీలు చూశాను: నైకాన్ డి750, కానన్ 6డి మార్క్ 2, కానన్ 5డి మార్క్ 4. అన్నీ కలిపి లక్ష లోపు అవ్వాలి. వీడియో వేరే అతను తీస్తాడు, నాకు ఫోటోలే. మాఘమాసం లోపు తేల్చుకోవాలి. కాస్త చెప్పండి.

క్లిక్ రాజా:
బ్రో, 2020 తర్వాత నైకాన్ గానీ కానన్ గానీ కొత్త ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఒక్కటీ దింపలేదు. ఇప్పుడు అది కొనడం దేనికి? నైకాన్ వాళ్ల అద్దం లేని మిర్రర్‌లెస్, పాత జెడ్6 చూడు. పాత లెన్సులు దానికి బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే నీ లెన్సులన్నీ పనిచేస్తాయి.

రాజమండ్రి బాబాయ్:
రాజా, పనిచేస్తాయనకు. బిగుస్తాయి, ఫోటో పడుతుంది, ఆటోఫోకస్ మాత్రం రాదు. తమ్ముడి దగ్గరున్న రెండు డి లెన్సుల్లోనూ మోటారు ఉండదు. డి7200కి లెన్సు తీసి చూడు తమ్ముడూ, మౌంటు రింగు అంచున స్క్రూడ్రైవర్ మొన లాంటి చిన్న ముక్క ఉంటుంది. బాడీలోని మోటారు దాన్ని తిప్పితేనే లెన్సు కదులుతుంది. ఎఫ్‌టీజెడ్‌లో ఆ ముక్క లేదు. తలంబ్రాల టైములో ఇద్దరూ ఊగిపోతుంటే 200 ఎంఎం దగ్గర చేత్తో ఫోకస్ తిప్పుతావా? పైగా మొదటి జెడ్6కి కార్డు స్లాటు ఒక్కటే.

ఆ స్లాటు లెక్కన 6డి మార్క్ 2 కూడా పక్కన పెట్టెయ్. స్క్రీను తిరుగుతుంది, టచ్ ఉంది, బరువు తక్కువ, ఇంట్లో వాడుకోడానికి బ్రహ్మాండం. కానీ కార్డు కరప్ట్ అయిందని మళ్లీ తాళి కట్టమనలేం కదా. డి7200లో రెండు కార్డులకు అలవాటు పడ్డవాడివి, వెనక్కి వెళ్లకు.

5డి మార్క్ 4 (2016) మంచి బాడీ, కాదనను. 30 మెగాపిక్సెల్, 61 ఫోకస్ పాయింట్లు. అయితే నీ లెన్సు ఒక్కటీ దానికి ఎక్కదు. కానన్ 70-200 2.8 కూడా కొనాలంటే నీ లక్ష ఎక్కడికి చాలుతుంది?

నా ఓటు డి750కే. 2014లో వచ్చింది, 24 మెగాపిక్సెల్, రెండు ఎస్‌డీ స్లాట్లు. సెన్సార్ విస్తీర్ణం డి7200కి రెండింతల పైనే కాబట్టి నాయిస్‌లో ఒక స్టాప్ (అంటే ఐఎస్ఓ రెండింతలు) పైచిలుకు లాభం. ఇప్పుడు 3200లో నీకు కనిపిస్తున్న గరుకు అందులో 6400 దాటాక గానీ కనపడదు. ఒకటి మాత్రం మొదటి పెళ్లిలోనే తగులుతుంది. రెండిట్లోనూ 51 పాయింట్లే అయినా, డి7200లో ఫ్రేము అంచుల దాకా పరుచుకుని ఉంటాయి, డి750లో మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. జంటని ఫ్రేములో ఒక పక్కకి పెట్టి అపర్చర్ 1.8 దాకా తెరిచి తీస్తే కంటి మీద పాయింటు అందదు. ఫోకస్ లాక్ చేసి కెమెరా జరిపేలోపు వాళ్లు కదిలారంటే ముక్కు షార్ప్, కళ్లు సాఫ్ట్. 2.8 పెట్టుకో.

18-140 చిన్న సెన్సార్ లెన్సు, డి750కి బిగుస్తుంది గానీ క్రాప్ మోడ్‌లో (సెన్సార్ మధ్య భాగంతోనే) 10 మెగాపిక్సెల్ చిల్లరే వస్తుంది. అది అమ్మేసి 24-120 ఎఫ్4 సెకండ్స్‌లో చూడు.

ఖమ్మం ఫోటో:
బాబాయ్ చెప్పింది నిజమే గానీ నేను 5డి మార్క్ 4 వాడుతున్నా, ఒక మాట. ఇప్పుడు మండపాలన్నీ ఎల్‌ఈడీలే. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని చవక లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/250 షటర్ స్పీడులో వరసగా కొడితే ఒక ఫోటో వెలుగు, ఒకటి చీకటి, ఇంకోదాంట్లో అడ్డ చారలు. మార్క్ 4లో యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే వెలుగు ఎక్కువున్న క్షణం చూసి షటర్ పడుతుంది. డి750లో ఫోటోలకి అది లేదు. వెనకాల పెట్టే ఎల్‌ఈడీ వాల్‌కి మాత్రం ఏదీ పనికిరాదు, దాని మినుకుడు లెక్కే వేరు.

రాజమండ్రి బాబాయ్:
ఒప్పుకుంటా. డి750తో అలాంటి మండపంలో 1/100 దగ్గరే ఉండాలి. జీలకర్ర బెల్లానికి చాలు, తలంబ్రాలకి చాలదు, ఫ్లాష్ వెయ్యాల్సిందే. వేసే ముందు పందిరి గుడ్డ రంగు చూసుకో. పసుపు గుడ్డకి బౌన్స్ కొడితే అందరూ కామెర్లొచ్చినట్టు పడతారు. యాంటీ ఫ్లికర్ కావాలంటే నైకాన్‌లో డి780 ఉంది, నీ డి లెన్సులకి మోటారు కూడా ఉంది, కానీ లక్షలో కష్టం.

తణుకు స్టూడియో:
చాలా థ్యాంక్స్ అండి. డి750 ఒకటి కాకినాడలో ఉంది. షటర్ కౌంట్ (ఇప్పటిదాకా షటర్ ఎన్నిసార్లు పడిందో ఆ లెక్క) తక్కువే అంటూ వాట్సాప్‌లో శాంపిల్ ఫోటో పంపాడు. నమ్మొచ్చా?

రాజమండ్రి బాబాయ్:
వాట్సాప్‌లో మామూలుగా పంపితే లోపలి వివరాలన్నీ ఎగిరిపోతాయి. కెమెరాలోంచి తీసిన జేపెగ్‌ని డాక్యుమెంటుగా పంపమను. నైకాన్ అయితే కౌంట్ ఫైల్లోనే ఉంటుంది, నైకాన్ షటర్ కౌంట్ చూపించే సైట్లో వేస్తే తెలుస్తుంది. దీని షటర్‌ని లక్షా యాభై వేలకి పరీక్షించారు. లక్ష దాటితే నేను ముట్టుకోను.

2014-16 మధ్య తయారైన కొన్నిటికి షటర్ సమస్య ఉందని నైకానే ప్రకటించి మార్చి ఇచ్చింది. అందుకని తెల్ల గోడని 1/4000లో పది కొట్టి చూడు, ఫ్రేములో ఒక పక్క నల్లబడితే వదిలెయ్. నాన్నగారి 80-200 పట్టుకెళ్లి అక్కడే బిగించి ఫోకస్ చూసుకో. రెండు స్లాట్లలోనూ కార్డులు వేసి చూడు.

బ్యాటరీ పాడైంది అంటే మురిసిపో, ఆ వంకతో రేటు తగ్గించమను. నీ డి7200 బ్యాటరీయే దీనికీ పనికొస్తుంది.