ఉమ్మడి పదపట్టికలో ఒక మాట మారిస్తే పాత రికార్డులు చెడకుండా ఎలా?

తిల్లకొమ్మ, కాకినాడ

నమస్కారం అండీ. ఇక్కడ మూడు సేకరణలు ఒకే పదపట్టిక వాడుతున్నాయి. ఒకటి కాలేజీ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల షీట్ల సేకరణ), ఒకటి జాడీల్లో చేపలూ పీతలూ దాచిన ల్యాబ్, మూడోది కోరింగ మడ అడవిలో ట్రాప్ కెమెరాలు పెట్టిన బృందం. పట్టిక అంటే ఎక్సెల్ షీటే. ఆవాసం, నిల్వ పద్ధతి, జిల్లా, నమూనా రకం అనే నాలుగు గడుల్లో ఏ మాటలు రాయాలో అందులో ఉంటుంది. నమూనాల రికార్డులు కూడా అదే ఫైల్లో ఉన్నాయి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఇప్పటికి "ఫైనల్" అనే పేరుతో ఐదు ఫైళ్లయ్యాయి.

ఆవాసం గడిలో "ఉప్పునేల" అనే మాట ఉండేది. అది మరీ మోటుగా ఉందని ఎవరో "మడ అడవి" అని మార్చి, డేటా అంతటా ఫైండ్ రీప్లేస్ చేసేశారు. దాంతో రొయ్యల చెరువు గట్టు మీద కోసిన సువేడా మొక్క కూడా మడ అడవిలో దొరికినట్టు తేలింది.

ఇలాంటి పట్టికని ఎలా నడపాలి? మాటలు సొంతంగా పెట్టుకోవచ్చా? వెర్షన్ నంబర్లు ఏ లెక్కన వేయాలి? 2022లో జిల్లాలు మారాయి కదా, పాత లేబుళ్ల సంగతి ఏం చేయాలి?

మండపీత, భీమవరం

తిల్లకొమ్మ గారూ, ముందు గడి పేరునీ గడిలో రాసే మాటనీ విడదీయండి. గడి పేర్లు మనం కనిపెట్టక్కర్లేదు, జీవ నమూనాల రికార్డులకి ప్రమాణమైన డార్విన్ కోర్‌లో ఉన్నాయి. ఇలాంటి ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ టీడీడబ్ల్యూజీ దాన్ని 2009లో ప్రమాణంగా ఆమోదించింది. మీ "నమూనా రకం" అక్కడ బేసిస్ ఆఫ్ రికార్డ్. దానికి మాటలు కూడా వాళ్లే ఇచ్చారు. హెర్బేరియం షీటూ జాడీలో చేపా ప్రిజర్వ్‌డ్ స్పెసిమెన్ కిందికి వస్తాయి. ట్రాప్ కెమెరాకి చిక్కిన బావురుపిల్లి మెషీన్ అబ్జర్వేషన్. మనిషి చూసి రాసుకున్నది హ్యూమన్ అబ్జర్వేషన్. ఫైల్లో ఇవి ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తెలుగు పేరు తెర మీద చూపించడానికే.

ఆవాసానికి అక్కడ గడి ఉంది గానీ కట్టుదిట్టమైన మాటల జాబితా లేదు. నిల్వ పద్ధతిదీ అంతే. మీరు సొంత పట్టిక పెట్టుకోవాల్సింది ఆ రెండింటికే. రికార్డులో మాట రాయకండి, దాని సంఖ్య రాయండి. పట్టికలో ఒక మాట ఇలా ఉండాలి:

సంఖ్య: ఆ-0012
పేరు: మడ అడవి
నిర్వచనం: ఆటుపోట్ల నీరు వచ్చిపోయే బురదలో మడ జాతుల చెట్లు గుంపుగా పెరిగి నేలని కమ్మిన చోటు
ఇది కాదు: చెరువు గట్టు మీద ఒంటరిగా నిలిచిన మడ చెట్టు, చెట్లు లేని ఉప్పు బీడు
పై మాట (దీన్ని కూడా కలుపుకునే విశాలమైన మాట): ఆ-0003, ఉప్పునేల
స్థితి: వాడుకలో ఉంది
చేర్చిన తేదీ, మార్చిన తేదీ, బదులు మాట: మూడూ వేర్వేరు గడులు

వీటిలో "ఇది కాదు" అన్న వరసని ఎప్పుడూ ఖాళీగా వదలకండి. నిర్వచనం చదివి ఇద్దరు రెండు రకాలుగా అనుకుంటారు. పక్కన ఏది కాదో చెబితే తగువు అక్కడే తీరుతుంది. సంఖ్యలో అర్థం ఇరికించడమూ వద్దు. "మడ-01" అని పెడితే రేపు పేరు మారినప్పుడు సంఖ్యని కూడా మార్చాలనిపిస్తుంది.

నిల్వ పద్ధతిలో "ద్రవంలో" అని ఒకే మాట ఉంటే ఇప్పుడే విడగొట్టండి. చేపని సాధారణంగా మొదట 10 శాతం ఫార్మలిన్‌లో గట్టిపరిచి, కడిగి, 70 శాతం ఇథనాల్‌లోకి మారుస్తారు. గట్టిపరిచింది దేనిలో, ఇప్పుడు ఉన్నది దేనిలో అన్నవి రెండు వేర్వేరు సంగతులు, రెండు గడులు కావాలి. ఫార్మలిన్ తగిలిన కండ నుంచి డీఎన్ఏ తీయడం కష్టం. జాడీ మీద "ఇథనాల్" ఒక్కటే చూసి కండ ముక్క కోసుకెళ్లిన వాళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

పొడిమొక్క, సామర్లకోట

మండపీత గారు చెప్పినదానికి వెర్షన్ల సంగతి కలుపుతున్నాను. మార్పులన్నీ ఒక్క రకం కావండి. అక్షరదోషం దిద్దినా, ఉదాహరణ చేర్చినా పాత రికార్డు అర్థం మారదు. అప్పుడు చివరి అంకె పెంచండి: 1.4.0 నుంచి 1.4.1. కొత్త మాట చేరితే మధ్య అంకె. ఒక మాటని పక్కన పెట్టినా, విడగొట్టినా మొదటి అంకె. నిర్వచనం అర్థమే మారుతుంటే మాత్రం అది ఆ మాటకి కొత్త వెర్షన్ కానే కాదు. అది కొత్త మాట, దానికి కొత్త సంఖ్య ఇవ్వాలి. మీ "ఉప్పునేల" గొడవంతా ఇది పాటించకపోవడం వల్లే వచ్చింది.

తీసేసిన మాట వరసని చెరపకూడదు. స్థితి "వాడొద్దు" అని మార్చి, బదులు మాట సంఖ్య రాయాలి. ఆ సంఖ్యని ఇంకెప్పుడూ మరో మాటకి ఇవ్వకూడదు. డార్విన్ కోర్ వాళ్లు చేసేదీ ఇదే. ఇండివిడ్యువల్ ఐడీ అనే గడి పోయి ఆర్గానిజమ్ ఐడీ వచ్చింది, అయినా పాతదాని వెబ్ చిరునామా నేటికీ పనిచేస్తుంది. ప్రతి మార్పుకీ తేదీతో ముగిసే వెర్షన్ చిరునామా వేరుగా ఉంటుంది.

విడగొట్టేటప్పుడు బదులు మాట గడి ఖాళీగా వదలండి. ఒకటి పోయి ఒకటి వచ్చినప్పుడే అది నింపాలి. ఒకటి రెండైతే పాత రికార్డు ఏ వైపుదో కంప్యూటర్ చెప్పలేదు, షీటు తీసి లేబుల్ చదివిన మనిషే చెప్పాలి. చదివేదాకా రికార్డు పై మాట కిందే ఉండనివ్వండి. "ఉప్పునేల" అన్నది వివరం తక్కువే గానీ తప్పు కాదు. "మడ అడవి" అన్నది వివరంగా ఉన్నా తప్పు కావచ్చు.

ఫైలు విషయం. ఎక్సెల్‌ని అసలు ప్రతిగా ఉంచకండి. సాదా అక్షరాల ఫైలైన యూటీఎఫ్-8 సీఎస్‌వీ, ఒక మాటకి ఒక వరస, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టండి. అప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏ వరస మార్చారో కనిపిస్తుంది. ఉత్త అంకెలతో 0012 అని రాస్తే ఎక్సెల్ 12 చేసేస్తుంది, అందుకే ముందు "ఆ-" లాంటిది ఉండాలి. మార్పు కోరినవాళ్లు కారణం, కనీసం రెండు నమూనాల సంఖ్యలు రాయాలి. టీడీడబ్ల్యూజీలో మార్పుని 30 రోజులు అందరి ముందూ ఉంచుతారు. మూడు సేకరణలకి రెండు వారాలు చాలు. విలీనం చేసే చెయ్యి మాత్రం ఒక్కటే ఉండాలి.

తెలుగులో రాసేవాళ్లని పట్టి పీడించేది ఇంకొకటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు మాటలు కంప్యూటర్‌కి వేరు కావచ్చు. "ప్రిజర్వ్‌డ్"లో వ్, డ కలవకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటుంటుంది. ఒక కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకటి వేయదు. అక్షరం పక్కన వచ్చే సున్న బదులు తెలుగు అంకె ౦ కొట్టేవాళ్లున్నారు, కంటికి తేడా దొరకదు. ఐత్వం ఒకే కోడ్‌గా రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. ఐత్వాన్ని యూనికోడ్ రూపాల్ని ఒకటి చేసే ఎన్‌ఎఫ్‌సీ సరిచేస్తుంది. మిగతా రెండింటినీ సరిచేయదు, వాటికి వేరే తనిఖీ పెట్టాలి. రికార్డులో సంఖ్యే రాయమనడానికి ఇది రెండో కారణం.

వైనతేయ ఒడ్డు, అమలాపురం

జిల్లాల గురించి. 2022 ఏప్రిల్ 4న తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి రెండూ ముక్కలయ్యాయి. పేరు పోలేదు గానీ హద్దు మారింది, చిక్కంతా అక్కడే. "తూర్పుగోదావరి" అని ఉన్న రికార్డు పాత పెద్ద జిల్లాదా, రాజమండ్రి కేంద్రంగా ఉన్న నేటి చిన్న జిల్లాదా? పైన చెప్పిన సూత్రమే ఇక్కడా: పేరు ఒకటే అయినా రెండు సంఖ్యలు. ఒక్కోదానికీ చెల్లుబాటు మొదలు, చెల్లుబాటు ముగింపు తేదీలు రాయండి.

లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు వెర్బటిమ్ లొకాలిటీ అనే డార్విన్ కోర్ గడిలోకి వెళ్లాలి. బ్రిటిష్ కాలపు షీటు మీద "కొకనాడ" అని ఉంటే దిద్దొద్దు. మన నిర్ణయం వేరే గడిలో: భారతదేశానికి జిల్లా రాసేది కౌంటీ గడిలో. నేనైతే అక్కడ నేటి జిల్లానే రాయమంటాను, వెతికేవాళ్లు నేటి పేరుతోనే వెతుకుతారు. కానీ 1990లో "అమలాపురం దగ్గర" అని ఉంటే కోనసీమ అని రాయొచ్చు గానీ, ఉత్తగా "తూర్పుగోదావరి జిల్లా" అని ఉంటే పాత జిల్లా సంఖ్యే వేయండి. యానాం మర్చిపోకండి. చుట్టూ ఆంధ్ర ఉన్నా రాష్ట్రం గడిలో పుదుచ్చేరి అనే రావాలి.

పాత అక్షాంశ రేఖాంశాలు ఇప్పుడు సముద్రంలో పడితే నేల మీదికి లాగకండి. ఇసుక తిన్నెలు కదిలే తీరం ఇది, ఆనాడు అక్కడ నేల ఉండి ఉండొచ్చు. తేదీ, డేటమ్ (ఏ కొలత పద్ధతి ఆధారంగా అక్షాంశ రేఖాంశాలు తీశారో), అనిశ్చితి మీటర్లలో రాసి వదిలేయండి.

వాడుక పేర్లని ఎప్పుడూ రికార్డుల్ని జత చేసే తాళంచెవిగా వాడొద్దు. సముద్రంలో ఉండగా ఇలస, గోదావరికి ఎదురీదితే పులస. జాతి ఒకటే, టెనువలోసా ఇలిషా. పాత జాడీల మీద హిల్సా ఇలిషా అని ఉంటుంది. శాస్త్రీయ నామం మారడం వర్గీకరణ సంగతి, మీ పదపట్టిక వెర్షన్‌కి దానితో పనిలేదు. రెండూ ఒకే ఫైల్లో పెట్టకండి.

తిల్లకొమ్మ, కాకినాడ

చాలా ఉపకారం అండీ. ఇప్పటికే ఫైండ్ రీప్లేస్‌లో పోయిన రికార్డుల్ని వెనక్కి తేగలమా?

పొడిమొక్క, సామర్లకోట

తేవచ్చు. ఐదు ఫైళ్లలో ఏదీ పారేయకండి. తేదీ వరసన ఒక్కోదాన్నీ గిట్‌లో ఎక్కించండి. అన్నిటికన్నా పాతది, తప్పులతో సహా, 1.0.0. అందులో "ఉప్పునేల" అని ఉండి ఇప్పుడు "మడ అడవి" అని ఉన్న రికార్డుల్ని నమూనా సంఖ్యతో జత చేసి జాబితా తీయండి. అన్నిటికీ ఆ-0003 తిరిగి వేసి, వ్యాఖ్య గడిలో "లేబుల్ చూడాలి" అని రాయండి. ఆ ఫైండ్ రీప్లేస్ తర్వాత చేరిన రికార్డుల్ని మాత్రం ముట్టుకోకండి, అవి నిజంగానే మడ అడవివి కావచ్చు. చెరువు గట్ల సేకరణ ఏ పెట్టెల్లో ఉందో ముందు ఆ పెట్టెలతో మొదలుపెట్టండి.