చేతి బ్యాండ్ లెక్క: సాక్ష్యమా, అంచనానా?

(నలుగురి చర్చ ఇది. ఒక్కో భాగం పైన ఉన్నది మాట్లాడేవారి మారుపేరు.)

నల్లకోటు

ఫిట్‌నెస్ బ్యాండ్ డేటాను క్రిమినల్ కేసుల్లో వాడొచ్చా అన్న ప్రశ్న పాతబడింది. కోర్టులు వాడేస్తున్నాయి. నా ప్రశ్న వేరు: నిపుణుడెవరూ బోనెక్కకుండానే ఆ అంకెల్ని జూరీ ముందు పెట్టొచ్చా?

అమెరికాలో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు 2021లో, స్టేట్ వర్సెస్ బర్చ్ కేసులో, పెట్టొచ్చంది. అక్కడ ముద్దాయి వాదన ఏమిటంటే, హత్య చేసింది తను కాదు, హతురాలి ప్రియుడని. ఆ ప్రియుడి బ్యాండ్‌లో ఆ వేళల్లో పడింది 12 అడుగులే, కాబట్టి అతను ఇల్లు కదల్లేదంది ప్రాసిక్యూషన్. అడుగులు లెక్కపెట్టే పరికరాలు జనానికి కొత్తవి కావు, రికార్డులకు కంపెనీ ధ్రువీకరణ ఉంది, నిపుణుడు అక్కర్లేదు అని కోర్టు తేల్చింది.

నాకిది మింగుడు పడదు. జనానికి అలవాటైనంత మాత్రాన అది ఎలా పనిచేస్తుందో జనానికి తెలిసినట్టు కాదు. కాదనేవాళ్లు చెప్పండి.

అడుగుల లెక్క

సగం ఒప్పుకుంటాను. ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

బ్యాండ్‌లో ఉండేది మూడు అక్షాల యాక్సెలరోమీటర్, అంటే కదలికని పసిగట్టే సెన్సార్. అది అడుగుల్ని చూడదు, చెయ్యి ఊపుని చూస్తుంది. ఊపు ఒక హద్దు దాటి, నడకలాంటి లయలో వరసగా కొన్నిసార్లు వస్తేనే సాఫ్ట్‌వేర్ దాన్ని అడుగులుగా రాస్తుంది. అందుకే మంచం దిగి నాలుగడుగులు వేసి ఆగితే అవి అసలు లెక్కకి ఎక్కకపోవచ్చు. పిల్లల బండి తోసుకుంటూ వెళ్తే చెయ్యి ఊగదు, అడుగులు రాలిపోతాయి. కాళ్లీడుస్తూ నెమ్మదిగా నడిచినా అంతే. ఇక గతుకుల రోడ్డు మీద బండి నడిపినా, చప్పట్లు కొట్టినా లేని అడుగులు పుట్టుకొస్తాయి.

దూరం సంగతి ఇంకా చిత్రం. జీపీఎస్ లేనప్పుడు దూరాన్ని ఎవరూ కొలవరు. అడుగుల సంఖ్యని అంగ పొడవుతో గుణిస్తారు. ఆ అంగ పొడవు కూడా ఎత్తుని బట్టి వేసిన అంచనా. ఎత్తులో 0.413 వంతు అన్నది ఆడవాళ్లకి బాగా వాడుకలో ఉన్న లెక్క.

అయితే ఇవన్నీ చెప్పి డేటాని చెత్తబుట్టలో పడేయలేం. కనెక్టికట్‌లో 2015 నాటి హత్య కేసు చూడండి. ఉదయం 9 దాటాక ఎవరో ఇంట్లో చొరబడి భార్యని కాల్చేశారన్నాడు భర్త. ఆమె బ్యాండ్ మాత్రం 10 దాటేదాకా కదలికల్ని రాసింది. ఆయన చెప్పిన కథ ప్రకారం ఆమె నడవాల్సింది మహా అయితే 125 అడుగుల (ఫీట్) దూరం, బ్యాండ్‌లో ఉన్నది 1,217 ఫీట్లు. అంగ పొడవు అంచనా 10 శాతం కాదు, 50 శాతం తప్పినా ఆ తేడా పూడదు. 2022లో అతనికి 65 ఏళ్ల శిక్ష పడింది. పరికరం ఎంత తప్పుతుందన్నది ఒక్కటే చూస్తే చాలదు. కేసు ఎంత సన్నటి తేడా మీద నిలబడిందో కూడా చూడాలి.

ముద్దాయి పక్షం

కనెక్టికట్‌లో కదలిక *ఉంది*. విస్కాన్సిన్‌లో కదలిక *లేదు*. రెండింటినీ ఒకే గాట కట్టకండి. ఉన్న కదలికకి ఏదో కారణం ఉండి తీరాలి. లేని కదలికకి మాత్రం సవాలక్ష కారణాలుంటాయి, అన్నిటికన్నా తేలికైనది బ్యాండ్ తీసి బల్ల మీద పెట్టడం.

"గుండె వేగం ఉందిగా, చేతికి ఉన్నట్టేగా" అంటారు. చౌక బ్యాండ్లలో ఆ ధైర్యం వద్దు. పచ్చటి కాంతిని చర్మంలోకి పంపి, రక్తం పీల్చుకోగా వెనక్కొచ్చిన వెలుగులో హెచ్చుతగ్గుల్ని చూస్తుంది అది. సంకేతం బలహీనంగా ఉంటే లోపలి సర్క్యూట్ దాన్ని పెంచుతుంది, దాంతోపాటు రొదనీ పెంచుతుంది. టాయిలెట్ పేపర్ చుట్టకి కట్టినా నాడి చూపించిన బ్యాండ్లు ఉన్నాయి మరి.

ఇంకో ప్రమాదం: పట్టీ వదులుగా ఉండి మనిషి నిమిషానికి 160 అడుగుల చొప్పున పరిగెత్తుతుంటే, సెన్సార్ ఆ అదురునే నాడి అనుకుని గుండె వేగం 160 అని రాసేస్తుంది. గ్రాఫ్‌లో ఆ శిఖరాన్ని చూపించి "ఇదిగో, కొట్లాట జరిగిన క్షణం" అంటే జూరీ నమ్మేస్తుంది. అడుగుల గ్రాఫ్‌ని పక్కన పెట్టి చూస్తే రెండు గీతలూ అతుక్కుపోయి కనిపిస్తాయి. అలా కనిపించిందంటే ఆ గుండె లెక్కని పక్కన పెట్టేయాలి.

హ్యాష్ విలువ

మీరు సెన్సార్ల దగ్గరే ఆగిపోయారు. కేసులు చెడేది దానికంటే ముందే, స్వాధీనం చేసుకున్న రోజున.

ఫిట్‌బిట్ బ్యాండ్లు నిమిషాల వారీ వివరాన్ని తమలో దాచుకునేది 7 రోజులే. సింక్ కాకపోతే, అంటే ఫోన్‌కీ సర్వర్‌కీ చేరకపోతే, పాతది పోతుంది. కాబట్టి "ఎప్పుడు చేజిక్కింది" అన్నది మొదటి ప్రశ్న. దొరికిన వెంటనే చేతి బ్యాండ్, వాచీ లేదా ఫోన్‌ని సిగ్నల్ దూరని సంచిలో వేయాలి, ఛార్జింగ్ ఆ సంచిలోనే నడవాలి. అంతకుముందే దాని గడియారాన్ని సరైన సమయం చూపే మరో గడియారం పక్కన పెట్టి ఫొటో తీయాలి, ఎన్ని సెకన్లు తేడా ఉందో రాసుకోవాలి. ఫోన్‌లో ఆ యాప్‌ని "ఒక్కసారి చూద్దామని" తెరవడం చాలామంది చేసే తప్పు. తెరిస్తే సింక్ మొదలవుతుంది, మూడు చోట్ల ఉన్న డేటా కలగలిసిపోతుంది: బ్యాండ్‌లోది, ఫోన్‌లోది, సర్వర్‌లోది. ఈ మూడూ విడివిడిగా తీసి, ఒక్కోదానికి హ్యాష్ (డేటా తర్వాత మారలేదని చూపే అంకెల ముద్ర) కట్టి, ఆ తర్వాతే పోల్చాలి.

సమయం దగ్గర మరో గుంట. ఆపిల్ హెల్త్ డేటాబేస్ సెకన్లని 2001 జనవరి 1 నుంచి లెక్కిస్తుంది, చాలా టూల్స్ 1970 నుంచి. ఇది తప్పితే 31 ఏళ్లు తేడా వస్తుంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. ముంచేది మాత్రం వేసవికాలపు గంట సర్దుబాటు, అంటే కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం. ఒక్క గంటే కదా, ఎవరికీ అనుమానం రాదు, అలీబీ (ఆ వేళకి నేనక్కడ లేనన్న వాదన) మాత్రం కుప్పకూలుతుంది.

పైగా ఒక్కో వరసని మామూలుగా చదవకూడదు. "9:10 నుంచి 9:20, అడుగులు 84" అని ఉంటే, ఆ 84 మొదటి నిమిషంలో పడ్డాయో చివరి నిమిషంలోనో ఆ వరస చెప్పదు. దాని మూలం ఫోనా, వాచీయా, చేత్తో టైపు చేసిందా అన్నది పక్క గడిలో ఉంటుంది. ప్రింటవుట్‌లో ఆ గడి రాకపోతే ఆ ప్రింటవుట్ తీసుకోకండి.

నల్లకోటు

చూశారా, ఇదంతా కంపెనీ పంపిన ధ్రువీకరణ పత్రం చెప్పదు. ఆ పత్రం "ఈ రికార్డు మా దగ్గరిదే" అంటుంది, అంతే. రికార్డు నిజమైనదే కావొచ్చు, అందులో అంకె తప్పు కావొచ్చు.

అడుగుల లెక్క

అల్గారిథం వ్యాపార రహస్యం, కంపెనీ ఇంజినీరు వచ్చినా పూర్తిగా విప్పి చెప్పడు. జర్మనీలో ఫ్రైబుర్గ్ హత్య కేసులో చేసిన పని దీనికి మందు. ముద్దాయి ఫోన్‌లోని హెల్త్ యాప్ ఆ వేళలో రెండుసార్లు "మెట్లెక్కడం" అని రాసింది. శవాన్ని గట్టు మీంచి నదిలోకి ఈడ్చి, తిరిగి పైకెక్కడమే అదని పోలీసుల అనుమానం. అంచేత దాదాపు అదే ఒడ్డూ పొడుగూ ఉన్న అధికారి అదే చోట ఆ పనే చేసి చూశాడు, యాప్ అలాగే రాసింది.

మెట్ల లెక్క గాలి పీడనం మీద నడుస్తుంది. దాదాపు 3 మీటర్లు ఎక్కితే ఒక అంతస్తు, పీడనంలో తేడా 36 పాస్కల్ దాకా. బలమైన గాలి విసురు కూడా అంత తేడా తేగలదు. అందుకే ఒక్కసారి చేసి చంకలు గుద్దుకోకూడదు, వేర్వేరు రోజుల్లో పదేపదే చేయాలి. మోడల్ ఒక్కటే అయితే సరిపోదు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ కూడా అదే ఉండాలి. అప్‌డేట్ పడితే లెక్కపెట్టే తీరే మారిపోవచ్చు.

హ్యాష్ విలువ

నల్లకోటు గారూ, విస్కాన్సిన్ కేసులో ఒక ముక్క వదిలేశారు. అదే బ్యాండ్ నిద్ర డేటాని విచారణ కోర్టు రానివ్వలేదు, దాని కచ్చితత్వం మీద అప్పటికే వినియోగదారుల దావా నడుస్తోందని. అడుగులకి సరే, నిద్రకి కాదు. బ్యాండ్ మొత్తాన్ని కాక, ఒక్కో కొలతని విడిగా తూచారన్నమాట. నిపుణుడు కావాలా వద్దా అన్నదీ అలాగే తేల్చొచ్చు.

ముద్దాయి పక్షం

తూచండి, కాదనను. అడుగులు లేవు, గుండె సెన్సార్ కూడా లేని బ్యాండ్. అది చేతికి ఉందో బల్ల మీద ఉందో ఏ కొలతతో తూస్తారు?

హ్యాష్ విలువ

బ్యాటరీ లాగ్ అడగండి, సర్వర్‌లోగానీ ఫోన్‌లోగానీ మిగిలి ఉంటే. ఆ వేళల్లో శాతం పెరిగిందంటే ఛార్జర్ మీద ఉంది, చేతికి లేదు. మామూలుగా తగ్గుతూ పోయిందంటే ఛార్జర్ మీద లేదని మాత్రమే. చేతికి ఉందనడానికి అది చాలదు. సాక్షి అక్కడితో ఆగాలి.